పన్నెండు తెల్ల డ్రస్సులు, ఒక పసుపు మరక

నేను తొమ్మిదేళ్ళు బడికి వెళ్ళి ఏడు తరగతులు చదివాను. లెక్క తప్పలేదు. ఏడో తరగతి ఒక్కటే మూడుసార్లు చదివాను. మూడోసారి కూడా నా నంబరు పేపర్లో పడనప్పుడు మా నాన్న నన్ను కొట్టలేదు, తిట్టలేదు. సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తెనాలి తీసుకెళ్ళి, బండ్ల సీట్లు కుట్టే షాపు ముందు దింపి, ఆ యజమానితో ఇలా అన్నాడు: "వీడు కూర్చోడంలో మొనగాడండి. ఒకే బెంచీ మీద మూడేళ్ళు కూర్చున్నాడు. సీట్ల పని వీడికి కలిసొస్తుంది."

కలిసొచ్చింది. ఆ షాపు యజమాని పోయాక అదే షాపు నాదైంది. మోటారు సైకిళ్ళు, ఆటోలు, ట్రాక్టర్లు, ఏ సీటు చిరిగినా నా దగ్గరికే వస్తుంది. తెనాలి చుట్టుపక్కల, అటు కొల్లిపర దాకా, పెద్దమనుషులంతా నా కుట్ల మీదే కూర్చుని తిరుగుతున్నారు. ఆ సంగతి వాళ్ళకి గుర్తుండదు కాబట్టి నేనే అప్పుడప్పుడూ గుర్తు చేస్తుంటాను.

ఇలాంటివాడికి ఆఫ్రికాలో ఎక్కడో సరస్సు ఒడ్డున తైక్వాండో ఆడుకునే ఆడపిల్లలతో ఏం పని? ఈ ప్రశ్న మా షాపు పక్కన టీ కొట్టు దగ్గర చాలామంది వేశారు. వాళ్ళకి అప్పుడు నిలబడి ఒక్కొక్క ముక్క చెప్పాను. ఇప్పుడు కూర్చుని మొత్తం చెబుతాను. కూర్చోడం నాకు బాగా వచ్చు కదా.

బాపట్లలో ఒక కల్యాణమండపం వెనక రేకుల షెడ్డులో ఒకావిడ పిల్లలకి తైక్వాండో నేర్పుతుంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. పిల్లలంతా మాస్టరు అంటారు, నేను అమ్మాయ్ అంటాను, ఆమె నన్ను బాబాయ్ అంటుంది. పిల్లలు తన్నే దిండ్లు, ఛాతీకి కట్టుకునే గార్డులు చిరిగిపోతే బాపట్లలో ఎవరూ కుట్టలేమన్నారట. రైల్లో వేసుకుని నా దగ్గరికి తెచ్చింది. చూస్తే సీటుకీ దానికీ తేడా ఏమీ లేదు. పైన రెగ్జిన్, లోపల ఫోమ్, వెనక పట్టీలు. ఒకదాని మీద కూర్చుంటారు, ఇంకోదాన్ని తంతారు. అంతే. అప్పటినుంచి ఆ షెడ్డుకి నేనే ఆస్థాన దర్జీని.

కిందటి వేసవి ముందు మాస్టరు తనతోపాటు ఇంకో అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. నాకన్నా జానెడు పొడుగు, జుట్టంతా సన్నటి జడలు. మలావి దేశం నుంచి వ్యవసాయం చదవడానికి బాపట్ల వచ్చిందట. ఇంగ్లీషులో ఏం మాట్లాడాలా అని నేను గుటకలు మింగుతుంటే, ఆ పిల్ల షాపులోకి తల పెట్టి, "ఏం బాబాయ్, పని చేస్తన్నావా, కునుకు తీస్తన్నావా?" అంది.

చేతిలో కత్తెర జారిపోయింది. చదువులో భాగంగా పిట్టలవానిపాలెం పొలాల్లో రెండు పంటల కాలం గడిపిందట. అక్కడ నాట్లు వేసే ఆడవాళ్ళ దగ్గర తెలుగు నేర్చుకుంది. వాళ్ళ మాట, వాళ్ళ ఎత్తిపొడుపు, వాళ్ళ యాస, అన్నీ అలాగే దిగాయి. నాలిక మీద నాకు పోటీ వచ్చేవాళ్ళు తెనాలిలో లేరనుకునేవాణ్ణి. ఆరోజు నుంచి అనుకోవడం మానేశాను.

ఆ అమ్మాయి కూడా ఆటగత్తే. ఇక్కడికి వచ్చాక సాయంత్రాలు మాస్టరు షెడ్డులో ఆడుతోంది. వాళ్ళ ఊళ్ళో సరస్సు ఒడ్డున ఒక క్లబ్బు ఉంది. పన్నెండుమంది ఆడపిల్లలు, అందరూ చేపలు పట్టుకునేవాళ్ళ పిల్లలే. అందులో ఈమె చెల్లెలు కూడా ఉంది, పదిహేడేళ్ళు. నేను పని చేస్తుంటే స్టూలు మీద కూర్చుని ఆ చెల్లెలి సంగతి చెప్పింది.

"కిందటేడు పోటీలయ్యాయి బాబాయ్. మా చెల్లికీ ఇంకో పిల్లకీ కలిపి ఒకటే గార్డు. ఒకళ్ళు ఆడొచ్చాక ఇంకొకళ్ళు తొడుక్కోవాల. చీటీలు తీశారు. ఇద్దరికీ పోటీ పడింది."

"ఎవరితో?"

"వాళ్ళిద్దరికే. ఒకళ్ళతో ఒకళ్ళకి."

నేను మిషను తొక్కడం ఆపాను. ఏదో ఒక వెటకారం నోటిదాకా వచ్చింది కానీ బయటికి రాలేదు. "మరి ఏం చేశారు?" అన్నాను.

"మా చెల్లి ఇప్పి ఆ పిల్లకిచ్చింది. ఇచ్చేసి వచ్చి పక్కన కూర్చుంది. గార్డు లేకపోతే చాపమీదకి రానీరు కదా."

ఆ ఏడు అంతే. ఇక మిగిలింది ఈ ఏడాదే. ఇది దాటితే చిన్నవాళ్ళ విభాగానికి ఆ పిల్ల వయసు మించిపోతుంది. జిల్లా జట్టుకి పిల్లల్ని ఏరేది ఆ విభాగంలోంచే. జూన్‌లో పోటీలు. మే నెలాఖరుకి ఈమె చదువు అయిపోయి విమానం ఎక్కుతుంది. పార్సిలు పంపే స్తోమత ఎవరికీ లేదు. ఏం పోయినా ఈమె రెండు బ్యాగుల్లోనే పోవాలి. పన్నెండుమందికి డ్రస్సులు, గార్డులు, తలకి, కాళ్ళకి, చేతులకి వేసుకునేవి.

"డ్రస్సు తెల్లగా ఉండాలి బాబాయ్, మచ్చ ఉండకూడదు," అని మాస్టరు మరీ మరీ చెప్పింది. "మరక కనిపిస్తే రక్తమేమో అనుకుని ఆటే ఆపేస్తారు."

"నాకు తెలీదా," అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మా ఆవిడ ఇప్పటికీ గుర్తుపెట్టుకుంది.

టీ కొట్టు దగ్గర విషయం చెప్పగానే ఒకాయన గ్లాసు కింద పెట్టాడు. రైసుమిల్లు నడిపే మనిషి. ఏ పనికైనా ముందు అడ్డం పడి తర్వాత ఆలోచించే రకం.

"మన ఊరి పిల్లలకే దిక్కు లేదు, ఆఫ్రికా వాళ్ళకెందుకయ్యా?"

"మన ఊరి పిల్లలకి తమరు ఏమేం ఇచ్చారో ఆ లిస్టు ఇవ్వండి సార్. దాని కింద వీళ్ళ పేర్లు రాస్తాను," అన్నాను.

ఆయన మళ్ళీ గ్లాసు ఎత్తుకున్నాడు. ఆ లిస్టు నేటికీ రాలేదు. కానీ ఆ రోజునుంచి రోజూ పొద్దున, "ఏంటి, మీ ఆఫ్రికా ఎంతవరకొచ్చింది?" అని పలకరించడం మాత్రం మానలేదు. ఆయన అడిగినప్పుడల్లా నాకు ఇంకో గార్డు కుట్టాలనిపించేది. ఆ మేరకు ఆయనా చందా ఇచ్చినట్టే.

రేపల్లెలో ఒక పెద్దమనిషి ఉన్నాడని తెలిసింది. ఒకప్పుడు కరాటే, తైక్వాండో స్కూలు పెట్టి, మూసేసి, సామాను మొత్తం మేడమీద గదిలో పడేశాడట. ఒక ఆదివారం ముగ్గురం తెనాలిలో రేపల్లె రైలెక్కాం. ఆ అమ్మాయి నీలం చుడీదారు ఇస్త్రీ చేయించుకుని, తల నున్నగా కట్టుకుని వచ్చింది. మాస్టరు సరేసరి. ముగ్గురిలోకీ సాయం కావలసినవాడిలా కనిపించింది నేనొక్కణ్ణే.

పెద్దమనిషి గది తలుపు తీసి చూపించాడు. ఎనిమిదో పదో గార్డులు దుమ్ము కింద పడి ఉన్నాయి. అన్నీ ఇస్తానన్నాడు. రెండే కోరికలు.

"డ్రస్సుల వెనక వీపు మీద నా పేరు, నా ఫొటో అచ్చేయించాలి. ఇంకోటి, ఇక్కడే ఒక ఫంక్షన్ పెడదాం. ఈ అమ్మాయి..." అని ఆమెని పైనుంచి కిందదాకా చూశాడు. "ఈ డ్రస్సులో వద్దులే. కాస్త చిరిగిందేదైనా వేసుకుని, చెప్పులు లేకుండా నిలబడితే ఫొటో బాగా వస్తది. చూడబోతే పేదవాళ్ళలాగా లేరే? నిజంగా పేదవాళ్ళేనా?"

"ఈ ఆట ఆడేవాళ్ళంతా వట్టి కాళ్ళతోనే ఆడతారండి, కోటీశ్వరులైనా," అన్నాను నేను.

"నువ్వాగు. ఆ అమ్మాయిని చెప్పనీ."

మాస్టరు మొహం ఎర్రబడింది. ఆ అమ్మాయి మాత్రం చేతులు కట్టుకుని, చాలా మర్యాదగా, పిట్టలవానిపాలెం మర్యాదతో చెప్పింది: "అయ్యగారూ, మా చెల్లి వీపు చిన్నదండి. మీ పేరు చాలా పెద్దది. పట్టదండి."

అని మెట్లు దిగిపోయింది. మేమూ దిగాం. వెనకనుంచి ఆయన, "ఏంటండీ ఈ పొగరు? అడుక్కోడానికొచ్చి!" అంటున్నాడు. నేను మెట్ల మీద ఆగి, "అడుక్కోడానికి రాలేదండి. మీ గది ఖాళీ చేద్దామని వచ్చాం. ఉంచుకోండి, ఎలకలకైనా ఛాతీ కాపాడుకోవాలిగా," అన్నాను. అనవసరంగా అన్నానని తర్వాత మాస్టరు కోప్పడింది. కోప్పడుతూ నవ్వింది కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు.

తిరుగు రైలుకి మూడు గంటల టైముంది. ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూలబడి మాస్టరు, "ఇంక అయిపోయింది బాబాయ్, వట్టి చేతులతో పోవడమే," అంది.

అప్పుడు తట్టింది నాకు. ప్రతి ఇంట్లోనూ అటక మీద పోయిన వేసవి సెలవులు పడుకుని ఉంటాయి. ఒక ఏడాది క్యారమ్ బోర్డు, ఒక ఏడాది కీబోర్డు, ఒక ఏడాది కరాటే. పిల్లాడు నెలన్నర వెళ్తాడు, కాలు బెణుకుతుంది, సామాను అటకెక్కుతుంది. మళ్ళీ ఆ పిల్లాడికి పెళ్ళయ్యేదాకా ఎవరూ దించరు. ఈ పెద్దమనిషి స్కూలు నడిపినప్పుడు కొన్న సామాను అంతా రేపల్లె అటకల మీదే ఉండి తీరాలి.

"లేవండి," అన్నాను. "బెంచీ మీద మూడేళ్ళు కూర్చుని నేను బాగుపడింది లేదు."

వీధులు పంచుకుని తలుపులు కొట్టాం. నేను చెబితే ఎవరూ నమ్మలేదు. మొహం చూసి చిట్టీల మనిషి అనుకున్నారు. ఆ అమ్మాయి గేటు దగ్గర నిలబడి, "వదినా, మీ అటక మీద తన్నుకునే సామాను ఉందా?" అని అడిగితే మాత్రం ఆ ఇంట్లోవాళ్ళే కాదు, పక్కింటివాళ్ళు కూడా బయటికొచ్చారు. తెలుగు మాట్లాడినందుకు ఒకావిడ మజ్జిగిచ్చింది, ఒకావిడ జడకి పూలు పెట్టింది. ఒక ముసలాయన నిచ్చెన వేసి స్వయంగా అటకెక్కాడు. దిగేటప్పుడు గార్డుతోపాటు పోయిందనుకున్న తన రేడియో కూడా దొరికిందని మాకు దండం పెట్టాడు. రైలు టైముకి మా చేతుల్లో ఎనిమిది గార్డులున్నాయి. కొన్నిటికి పట్టీల్లేవు, కొన్నిటిని ఎలకలు రుచి చూశాయి. డ్రస్సులు మాత్రం పనికిరాలేదు. అన్నీ పసిపిల్లలవి, కరాటేవి.

గార్డులు నా పని. ఒకవైపు ఎరుపు, ఒకవైపు నీలం రెగ్జిన్ కావాలి. నా దగ్గర ఆటో సీట్లకి వాడేది మేలురకం ఉంది. పాత ఫోమ్ పీకేసి కొత్తది వేశాను, తక్కువైన నాలుగూ కొత్తగా నేనే కుట్టాను, పట్టీలకి రెండు వరసల కుట్టు. ఎంత గట్టిగా ఉందో చూద్దామని మొదటిది నేనే కట్టుకుని, "తన్ను చూద్దాం," అన్నాను ఆ అమ్మాయితో.

"నిజంగానా బాబాయ్?"

"మొహమాటపడకు."

ఆమె మొహమాటపడలేదు. నేను వెళ్ళి ట్రాక్టరు సీటులో పడ్డాను. గార్డుకి ఒక్క కుట్టు కూడా ఊడలేదు. నాకు ఊడినవి లెక్కపెట్టలేదు.

ఆ ట్రాక్టరు సీటులో పడి ఉన్నప్పుడే ఇంకో ఆలోచన వచ్చింది. తలకి, కాళ్ళకి, చేతులకి వేసుకునేవి కుట్టడం నా వల్ల కాదు, కొనాల్సిందే. దానికి డబ్బు కావాలి. చందా పుస్తకం పట్టుకుని తిరిగితే ప్రతివాడూ రైసుమిల్లు ప్రశ్నే వేస్తాడు. ప్రశ్న వేయనీకుండా నవ్వించి తీసుకోవాలి.

ఆదివారం సూర్యలంక వెళ్ళాం. గుంటూరు నుంచీ, తెనాలి నుంచీ కార్లలో, బస్సుల్లో జనం దిగుతున్నారు. ఇసకలో ఒక అట్టముక్క పాతాను: "సీట్లు కుట్టేవాణ్ణి తన్నండి. తోచినంత ఇవ్వండి." గార్డు కట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆ డబ్బు ఎవరికో, ఎందుకో మాస్టరు చెబుతోంది. షెడ్డు నుంచి వచ్చిన పిల్లలు ఎలా తన్నాలో చూపిస్తున్నారు.

మొదట కాలేజీ కుర్రాళ్ళు వచ్చారు. తర్వాత గుంటూరు నుంచి వచ్చిన ఒక కుటుంబంలో అమ్మమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి ఒక్కటిచ్చుకుంది. తెనాలి మనిషి ఒకడు నన్ను గుర్తుపట్టి, "నాలుగు నెలలకే నా సీటు కుట్టు ఊడిందని చెప్తే, నువ్వు లావెక్కావన్నావు, గుర్తుందా?" అన్నాడు.

"గుర్తుంది సార్. రండి."

ఆయన రెండుసార్లు తన్ని రెండుసార్లు ఇచ్చాడు. ఒడ్డున చేపలు వేయించి అమ్మే అక్క ఒకావిడ వచ్చి డబ్బులిచ్చింది, తన్నలేదు. "వద్దులే అన్నా, ఈ కాలు మా ఆయన కోసం దాచుకున్నా," అంది.

గొడుగు కింద కూర్చున్న ఒకాయన మాత్రం గట్టిగా, "ఇదో కొత్తరకం బిచ్చం!" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు మాస్టరు వెళ్ళి ఆయన ముందు నిలబడింది. "బిచ్చం కాదు సార్. ఆయన తన్నులు తింటున్నాడు, కూలి తీసుకుంటున్నాడు. మీరు కూర్చుని మాట్లాడుతున్నారు. మీకు మేం ఏమీ ఇవ్వక్కర్లేదు కదా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన గొడుగు కిందనుంచి లేచి వచ్చి జేబు తడుముకున్నాడు. కోపంగానే ఇచ్చాడు. కోపంగా ఇచ్చిందీ చెల్లుతుంది.

ఎంత వచ్చిందో చెప్పను, కొనాల్సినవి కొన్నాం. వారంపాటు నేను వెల్లకిలా పడుకుంటే లేవడానికి మా ఆవిడ సాయం కావలసి వచ్చింది.

డ్రస్సులకి గుడ్డ చీరాల నుంచి వచ్చింది. నేత బట్టల వ్యాపారం చేసే ఒకాయన బండి సీటు నేనే కుట్టాను. సంగతి వినగానే మందపాటి తెల్ల గుడ్డ తాను దించి, "కత్తిరించేటప్పుడు పాడు చేయకు, అంతే," అన్నాడు. పాడు చేయలేదు. మాస్టరు తన డ్రస్సు ఇస్తే తీరు చూసుకుని, ఆ అమ్మాయి ఊరినుంచి తెప్పించిన కొలతలకి, నేనూ మా ఆవిడా రెండు మిషన్ల మీద కూర్చుని పన్నెండు కుట్టాం. ఉతికి, ఇస్త్రీ చేసి, బల్ల మీద దొంతరగా పెడితే మల్లెపూల కుప్పలా ఉంది. విమానానికి ఇంకా నాలుగు రోజులుంది.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ వాళ్ళ అక్కగారింటికి వెళ్ళింది. నేనొక్కణ్ణే ఆ దొంతర ముందు కూర్చున్నాను. గర్వంగా ఉంది. గర్వం వచ్చినప్పుడు నేను చేసే పనులు నాకే తెలియవు. కొత్త బట్టలు. సముద్రాలు దాటి ఆడపిల్లల ఒంటి మీదకి పోతున్నాయి. మా ఇళ్ళల్లో కొత్త బట్ట ఏదైనా అంచున పసుపు బొట్టు పెట్టకుండా వేసుకోరు, ఎవరికీ ఇవ్వరు. మా అమ్మ చేతి రుమాలుకి కూడా పెట్టేది. నేను లేచి, దేవుడి గూట్లోంచి పసుపు తీసి, నీళ్ళలో తడిపి, ఒక్కొక్క డ్రస్సుకీ అంచు మూలన బొట్టు పెట్టాను. పన్నెండింటికీ. ఆ చెల్లెలి కొలతకి కుట్టినదానికి ఆ పిల్ల గెలవాలని ఇంకాస్త ఎక్కువ పెట్టాను.

సాయంత్రం మాస్టరు వచ్చింది. పైన ఉన్న డ్రస్సు విప్పింది. చూసింది. రెండోది విప్పింది.

"బాబాయ్... ఇదేంటి?"

"పసుపు. కొత్త బట్టలు కదా."

"మచ్చ ఉండకూడదని మరీ మరీ చెప్పాను కదా బాబాయ్!"

"మచ్చ కాదమ్మాయ్, పసుపు..." అంటుండగానే నాకు తట్టింది. ఆ మాటే ఆటల పెద్దలకి ఎవరు చెబుతారు? గార్డు లేదని ఒక ఏడాది కూర్చున్న పిల్ల, నేను పెట్టిన బొట్టు వల్ల ఇంకో ఏడాది కూర్చుంటుంది. ఇక మళ్ళీ ఏడాది లేదు.

కంగారులో పన్నెండూ ఎత్తుకెళ్ళి, బక్కెట్లో ముంచి, బట్టల సబ్బు పెట్టి రుద్దాను. పసుపు పోలేదు. ఎర్రబడింది. పన్నెండు డ్రస్సుల మీద పన్నెండు ఎర్రటి మరకలు, రక్తం కాదని ఒట్టేసినా నమ్మనట్టు. మాస్టరు గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

అప్పుడే మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. బక్కెట్టు వంక చూసింది, నా చేతుల్లో సబ్బు చూసింది.

"ఏడో తరగతిలో సైన్సు కూడా పోయిందా మీకు?"

"ఇప్పుడు అదా..."

"పసుపులో సున్నం కలిపితేనే కదండీ పారాణి అయ్యేది? సబ్బూ అంతే. పెళ్ళిలో నా కాళ్ళకి పెట్టినప్పుడు చూళ్ళేదా?"

"నేను నీ మొహం చూస్తున్నాను."

"అందుకే ఇట్టా ఉన్నారు. జరగండి."

సబ్బు మొత్తం జాడించి, నిమ్మకాయలు పిండిన నీళ్ళలో ముంచింది. ఎరుపు పోయి మళ్ళీ పసుపు తేలింది. "ఇంక దీన్ని తీసేది ఎండ ఒక్కటే. తడిగా ఉండగానే ఎండలో వెయ్యాల. ఎండేకొద్దీ తడపాల," అంది.

మే నెలలో తెనాలిలో ఎండకి కరువా? మర్నాడు పొద్దున లేస్తే ఆకాశం బూడిద రంగులో ఉంది. బంగాళాఖాతంలో అల్పపీడనమట. నలభై రోజులుగా మమ్మల్ని వేయించిన సూర్యుడు సరిగ్గా ఆ పూటే సెలవు పెట్టాడు. టీ కొట్టు దగ్గర రైసుమిల్లాయన, "ఏంటి, మీ ఆఫ్రికా మబ్బు పట్టిందా?" అన్నాడు. నేను టీ సగంలో వదిలేసి షాపులోకి వచ్చేశాను.

బాపట్ల ఫోన్ చేశాను. ఆ అమ్మాయి, "ఇక్కడ ఎండ కొంచెం కాస్తంది బాబాయ్, పట్టుకు రా," అంది. తడి బట్టలు రెండు బక్కెట్లలో పెట్టుకుని, నేనూ మా ఆవిడా రైలెక్కాం. టీసీ చూసి, "ఏంటండీ ఇది?" అన్నాడు. "ఎండ కోసం పోతున్నాం సార్," అంది మా ఆవిడ.

సూర్యలంకలో చేపలు వేయించే అక్క, వలలు ఆరేసే తాళ్ళు మాకు ఖాళీ చేసి ఇచ్చింది. పన్నెండు డ్రస్సులు సముద్రం వైపు మొహం పెట్టి వేలాడాయి. మబ్బు వస్తే అందరం పైకి చూసి తిట్టాం, ఎండ వస్తే అందరం లేచి నీళ్ళు చిలకరించాం. ఆ రోజూ, మర్నాడూ అదే పని. ఆ అమ్మాయి తాడు పక్కనే కూర్చుని తన బ్యాగులు సర్దుకుంది. చోటు కోసం తన బట్టలు సగం పిట్టలవానిపాలెం ఆడవాళ్ళకి పంచి వచ్చిందట.

రెండో రోజు పొద్దుగూకేసరికి పదకొండు డ్రస్సులు తెల్లగా తేలాయి. చేపల వాసన మాత్రం పట్టింది. నేను ముక్కు మూసుకుంటే ఆ అమ్మాయి, "మాదీ చేపల ఊరే బాబాయ్. ఇంటి వాసనే అనుకుంటారు," అంది.

పన్నెండోది మిగిలింది. ఆ చెల్లెలిదే. ప్రేమకొద్దీ ఎక్కువ రాశాను కదా, అంచు మూలన లేత పసుపు మరక ఉండిపోయింది. కత్తెర తీశాను. ఆ మూల కత్తిరించి అతుకు వేస్తానన్నాను. ఆ అమ్మాయి డ్రస్సు నా చేతిలోంచి లాక్కుంది.

"ఇంక దీన్ని ముట్టుకోకు. నువ్వు ముట్టుకున్నప్పుడల్లా ఏదో ఒకటవుద్ది."

మాస్టరు ఆ అంచుని లోపలికి మడిచి నాలుగు కుట్లు వేసింది. గార్డులు ఒకదాంట్లో ఒకటి దూర్చి, మధ్యలో తలవి, కాళ్ళవి, చేతులవి కూరి, పైన డ్రస్సులు పరిచారు. జిప్పు పడలేదు. రెండు బ్యాగుల మీదా నేను కూర్చున్నాను. అప్పుడు పడింది. మా నాన్న ఉంటే సంతోషించేవాడు.

జూన్ గడుస్తోంది. రైసుమిల్లాయన రోజూ అడుగుతున్నాడు. ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది, వీడియో కాల్. మాస్టరు కూడా షాపులోనే ఉంది. అవతల ఆ అమ్మాయి, ఆమె పక్కన సన్నగా ఒక పిల్ల, మా తెల్ల డ్రస్సులో. వెనక నీళ్ళు, పడవలు. సూర్యలంకే అనుకున్నాను ఒక్క క్షణం.

పన్నెండుమందీ చాపమీదకి వెళ్ళారట. ఎవరూ ఎవరికీ గార్డు ఇప్పి ఇవ్వలేదట. చెల్లెలి డ్రస్సు తనిఖీ చేసేటప్పుడు ఒకాయన మడత విప్పి, పసుపు చూసి, ఇదేంటన్నాడట. కుట్టినవాళ్ళ ఊళ్ళో కొత్త బట్టకి ఇలా పెడతారని ఆ పిల్ల చెప్పిందట. ఆయన వేలితో రుద్ది, వాసన చూసి, కూర వాసనొస్తోందని నవ్వి పంపేశాడట. మొదటి ఆట గెలిచింది. రెండోది ఓడింది. జిల్లా జట్టులో ఈసారి పేరు రాలేదు.

మాస్టరు కళ్ళు తుడుచుకుంటోంది. షాపు బయట రైసుమిల్లాయన గ్లాసు పట్టుకుని వింటున్నాడు. అలాంటప్పుడు నా నోరు ఊరుకోదు. "అన్ని తన్నులు తిని సామాను పంపిస్తే రెండో ఆటకే వచ్చి కూర్చుందా మీ చెల్లి? అడుగు," అన్నాను.

ఆ అమ్మాయి వాళ్ళ భాషలో చెప్పింది. ఆ పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని విన్నది. ఫోన్ దగ్గరికి వచ్చి, నా మొహంలోకి చూస్తూ, గుక్క తిప్పుకోకుండా ఏదో అంది. వెనక పిల్లలంతా ఘొల్లుమన్నారు.

"ఏమంది?" అన్నాను.

అక్క అచ్చం పిట్టలవానిపాలెం తెలుగులో చెప్పింది: "ఏడో తరగతి మూడుసార్లు పోయినోడు ఇంకా అంత నోరేసుకుని తిరుగుతుంటే, ఒక్కసారి ఓడిన దాన్ని నేనెందుకు కూర్చోవాలంట? వచ్చే ఏడు పెద్దోళ్ళతో ఆడతదంట. వాళ్ళు గట్టిగా తంతారంట. నోరు కట్టిపెట్టి గార్డు కుట్లు మూడు వరసలు వెయ్యమంటంది."